అడుగు ట్రేలో ఏం పెట్టాలి

మా డిపార్టుమెంటులో కొత్తగా చేరిన లెక్చరర్లు మొన్న ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో గొప్ప విజయం ఒకటి రాసివ్వండి, పిల్లలకు చదివి వినిపిస్తాం" అన్నారు. గొప్ప విజయాలు నా దగ్గర అంతగా నిల్వ లేవు. ఉన్నవాటిలో సగం వేరేవాళ్లవి, మిగతా సగం కమిటీలవి. అందుకని మిరపకాయలు ఎండబెట్టే ఒక పెట్టె సంగతి రాస్తున్నాను. ఇందులో విజయం ఉంది గాని, అది ఎవరి పేరు మీద రాయాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. చదివాక మీరే చెప్పండి.

నేను నాందేడ్‌లో పుట్టిన తెలుగుదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో దక్కనీ హిందీ. ఒక భాషలో మొదలుపెట్టిన మాట ఇంకో భాషలో ముగిసినా మా ఇంట్లో ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. విశ్వవిద్యాలయం నన్ను పాఠాలు చెప్పటానికి తీసుకుంది. తిండి సరుకులు చెడిపోకుండా నిల్వ చేయటం నా సబ్జెక్టు. అయితే ధర్మాబాద్ వైపు సరిహద్దు ఊళ్లకు డిపార్టుమెంటు జీపు కదిలిందంటే ముందు సీటు నాదే. అక్కడి రైతుల ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, మా వాళ్లలో తెలుగు వచ్చింది నాకొక్కదానికే. జీతం చదువు చెప్పినందుకు, చేసే పని మాటలు అటూ ఇటూ మార్చటం. మొదట్లో మూతి ముడుచుకునేదాన్ని. పోను పోను ఎంత అలవాటైందంటే, ఆ ముందు సీట్లో ఇంకెవరైనా కూర్చుంటే ఒళ్లు మండేది.

మా విశ్వవిద్యాలయం పరిచయ పుస్తకం తెరిస్తే బోధన, పరిశోధన, సమాజంతో అనుబంధం అని మూడు మాటలు పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. పుస్తకంలో అవి పక్కపక్కనే ఉంటాయి. నేను చేరిన కొత్తలో మాత్రం మూడూ మూడు భవనాల్లో ఉండేవి, ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. పాఠం చెప్పేవాళ్లు పాఠం చెప్పేవాళ్లు, ప్రయోగం చేసేవాళ్లు ప్రయోగం చేసేవాళ్లు. ఊళ్లకు వెళ్లేవాళ్లను ఇద్దరూ కాస్త జాలిగా చూసేవాళ్లు.

ఈ మూడింటినీ ఒక్కచోటికి లాక్కొచ్చినవాడు లాతూర్ వైపు నుంచి మా డిపార్టుమెంటుకు వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు. మరాఠీ అబ్బాయి. తెలుగు ముక్క రాదు. చొక్కా జేబులో పెన్ను బదులు స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగేవాడు. మిరప కోతలు మొదలయ్యాక అకాల వర్షం పడితే పొలాల్లో ఆరబోసిన కాయంతా తడిసి, తెల్లబారి, బూజు పడుతుంది. అది చూసి అతను చివరి సంవత్సరం పిల్లలను వర్క్‌షాపులో కూర్చోబెట్టి ఒక ఎండపెట్టె చేయించాడు. పక్కన ఏటవాలుగా ఒక గాజు పలక ఉంటుంది. దాని కింద గాలి వేడెక్కి, అడుగు నుంచి పెట్టెలోకి దూరి, ఒకదాని మీద ఒకటి ఉన్న జాలి ట్రేల గుండా పైకి పోయి, కప్పు దగ్గరున్న సందులోంచి బయటపడుతుంది. కరెంటు అక్కర్లేదు. వాన పడ్డా కాయ తడవదు.

మా దగ్గర ఆ పెట్టె అద్భుతంగా పనిచేసింది. పనిచేయక ఏమవుతుంది? మా విద్యార్థినులు ఒక్కో కాయను పెళ్లికూతురి చేతికి గోరింటాకు పెట్టినంత జాగ్రత్తగా ట్రేల్లో పేర్చేవాళ్లు. ఊళ్లో అలా పేర్చే తీరిక ఎవరికుంటుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ ఏడాది కోతలకు మూడు పెట్టెలు బయటికి వెళ్లాయి. ఒకటి నాందేడ్ దగ్గరి ఊరికి, ఒకటి కిన్వట్ అడవుల పక్కనున్న సర్ఖని వైపు, మూడోది ధర్మాబాద్ అవతల బాబ్లీ దగ్గరున్న ఒక తెలుగు ఊరికి. ఒక్క సీజను చూస్తారు. ఆఖర్న ఒక కమిటీ వచ్చి, బాగుంటే పెట్టెలు ఊళ్లకే ఇచ్చేస్తుంది, లేకపోతే వెనక్కి తెప్పిస్తుంది. వెనక్కి వచ్చిన వస్తువులు మా వర్క్‌షాపు వెనక గడ్డిలో ఎలా పడి ఉంటాయో మీరూ చూస్తూనే ఉన్నారు.

తెలుగు ఊళ్లో పెట్టెను బచత్ గట్‌కు, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘానికి అప్పజెప్పాం. ఆ సంఘం నడిపే ఆమెను ఊరంతా పెద్దమ్మ అంటుంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం రెండు వీధులకు వినబడుతుంది. మొదటి మీటింగులో ఒకామె నా మొహం మీదే అడిగేసింది.

"పోయినేడు గూడ మీ సదువుకున్నోళ్లు ఏందో మందు తెచ్చిర్రు మేడం. చల్లినం. ఏం కాలే. ఇప్పుడు డబ్బ తెచ్చిర్రు."

నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మ అందుకుంది. "ముందుగాల నా చేను కాయ ఏస్త. ఖరాబైతే నాదే ఖరాబైతది. మంచిగైతే అందరు ఎయ్యుర్రి. సరేనా?"

జీపు దాకా సాగనంపటానికి వచ్చి మాత్రం గొంతు తగ్గించింది. "మేడం, నలుగుట్ల మాటిచ్చిన. గిది నడువకపోతే ఈ ఊర్ల మళ్ల ఎవ్వలు మీ జీపు దిక్కు సూడరు. నా మాట గూడ ఇనరు. గట్ నేను తిప్పలు పడి నిలబెట్టిన. జర సూడుర్రి."

చూస్తానన్నాను. మాటిచ్చినంత సేపు పట్టలేదు, పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ నెత్తిన పడింది. పెట్టె బిగించటానికి ఇంజనీరు ఒక్కడే నిజామాబాద్ వెళ్లే రైలెక్కి ధర్మాబాద్‌లో దిగి వెళ్లాడు. ఆడవాళ్లంతా కోతలకు పోయి ఉన్నారు. పెద్దమ్మ కోడలు ఒక్కతే ఇంట్లో ఉంది. నిజామాబాద్ అవతలి పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, మరాఠీ ఇంకా సరిగా పట్టుబడలేదు. సైగలతో కొంత, హిందీతో కొంత చెప్పి, తిరిగొచ్చాక పెట్టె ఎలా నింపాలో మరాఠీలో చెప్పి, మూడు ఊళ్లకూ ఒకటే వాయిస్ మెసేజ్ పంపాడు.

కొద్ది రోజులకు కబుర్లు రావటం మొదలైంది. నాందేడ్ దగ్గరి ఊళ్లో అడుగు ట్రేలో కాయ నల్లగా మాడిపోతోంది, పై ట్రేల్లో తడి ఆరటం లేదు. సర్ఖనిలోనూ అదే తంతు. తెలుగు ఊళ్లో మాత్రం కాయ నిగనిగలాడుతూ, అన్ని ట్రేల్లో సమానంగా ఎండుతోంది. ఇంజనీరు ఒక సంచిలో నమూనా తెచ్చి నా బల్ల మీద పోశాడు. చేత్తో తీసి ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి.

పెట్టె ఒకటే, ఎండ ఒకటే, ఈ తేడా ఎందుకు? డిపార్టుమెంటులో తలా ఒక సిద్ధాంతం లేవదీశారు. కాయ రకం వేరు అన్నారు ఒకరు. గోదావరి గాలి అన్నారు ఇంకొకరు. నేనైతే కిన్వట్ అడవుల వైపు గాలిలో తేమ ఎక్కువని తేల్చేసి, పిల్లలకు ఒక గంట పాఠం కూడా చెప్పాను. పాఠం చాలా బాగా వచ్చింది. అది పూర్తిగా తప్పని తర్వాత తెలిసినా, ఆ రోజు పిల్లలు శ్రద్ధగా రాసుకున్నందుకు ఇప్పటికీ సంతోషమే.

మా హెచ్‌ఓడీకి మాత్రం ఒక్క సిద్ధాంతమే నచ్చింది. "అక్కడి మహిళల క్రమశిక్షణ. ప్రజల భాగస్వామ్యం అంటే ఇదే" అన్నాడాయన. రిపోర్టులో ఆ ముక్క రాయించి, కమిటీని తిన్నగా ఆ ఊరికే తీసుకెళ్లాలని నిర్ణయించాడు. ఇంజనీరుకు లోపల గుబులే. తన పెట్టె ఒకచోట ఎందుకు గెలిచిందో, రెండుచోట్ల ఎందుకు ఓడిందో అతనికే తెలియదు. ఆ ఊరికి మధ్యలో వెళ్లొచ్చాడు గాని, వెళ్లిన ప్రతిసారీ వాళ్లు కాయంతా దించేసి, పెట్టె తుడిచిపెట్టి, అతన్ని భోజనానికి కూర్చోబెట్టారు. నింపిన పెట్టెను అతను చూడనే లేదు.

కమిటీ వచ్చిన రోజు ఎండ బాగా కాసింది. కమిటీ పెద్ద పుణె నుంచి వచ్చిన ఒక రిటైరైన శాస్త్రవేత్త, తక్కువ మాట్లాడే మనిషి. వాళ్లు కారులో, మేం జీపులో మధ్యాహ్నానికి ఊరు చేరాం. పెద్దమ్మ ఇంటి మలుపు తిరిగామో లేదో ఘాటు ముక్కుకు తగిలింది. మాడిన మిరపకాయ వాసన ఎలా ఉంటుందో తెలుగు వంటింట్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. కమిటీలో ఒకాయన దగ్గటం మొదలుపెట్టాడు. ఇంకొకాయన కళ్లు తుడుచుకున్నాడు.

పెట్టె తలుపు తీశారు. అడుగు ట్రే నల్లగా ఉంది. పై ట్రేలో కాయను కమిటీ పెద్ద వేళ్లతో నొక్కి చూశాడు. మెత్తగా ఉంది.

"బాగున్న పెట్టె ఇదేనా?" అని అడిగాడు.

హెచ్‌ఓడీ ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు పెట్టె వైపు చూశాడు. చుట్టూ చేరిన ఆడవాళ్లంతా పెద్దమ్మ వైపు చూస్తున్నారు. మీటింగులో మందు సంగతి ఎత్తినామె కూడా అందులో ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత గొంతున్న పెద్దమ్మ నోట ఆ రోజు మాట రాలేదు. ఆమెను అలా చూడటం నాకు మహా కష్టమనిపించింది.

కోడలు పిల్ల ఎక్కడా కనబడలేదు. వెతికితే పశువుల కొట్టం పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది.

"ఏం బిడ్డ, ఏమైంది? ఇన్ని దినాలు మంచిగుండె గద. నిన్న ఏమన్న మార్చిర్రా?"

"తప్పు నాదే మేడం. మొదటి సంది నేనే తప్పు చేసిన. నిన్ననే సరిగ చేసినం."

"సరిగ చేస్తే మాడుడేంది? నాకు సమజయ్యేటట్టు చెప్పు."

ముక్కు చీదుకుని చెప్పింది. "సార్ ఫోన్ల ఏమన్నడు? ఏక్ ట్రే ఖాలీ ఠేవా, మగ్ బాకీచే వర్ అన్నడు. మా దిక్కు ఖాళీ అంటె ఖాళీనే గద మేడం. ఒక ట్రే ఖాళీ ఉంచి, మిగిలినయి మీద నింపుమన్నడు అనుకున్న. దినాం గట్లనే నింపిన. మొన్న అత్తమ్మ సూసి, ఇదేంది పిల్లా అడుగుది నింపవైతివి అన్నది. సారే చెప్పిండు అన్న. అత్తమ్మ ఫోన్ పెట్టి ఇన్నది. ఖాలీ అంటె మరాఠీల కింద అనట. ఒక ట్రే కింద పెట్టుమన్నడట. పెద్ద పెద్దోళ్లు అస్తుర్రు, గిప్పుడన్న సరిగ చేద్దాం అని నిన్న పొద్దుగాల అడుగుది గూడ నిండ నింపినం. గిట్లయింది."

నవ్వు తన్నుకొచ్చింది. ఆ పిల్ల ముఖం చూసి ఆపుకున్నాను. మరాఠీలో ఖాలీ అంటే కింద. ఖాళీ అనాలంటే వాళ్లు రికామా అంటారు. పుట్టి పెరిగినప్పటి నుంచి ఈ రెండు ఖాళీలనూ నేను నా నోటితోనే వాడుతున్నాను, ఏది ఎక్కడ అనాలో నాలుకకే తెలుసు, ఎప్పుడూ ఆగి ఆలోచించింది లేదు. మాటలు మార్చటమే పనిగా ఉన్న నేను పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్న సమయం చూసి ఆ మాట గోదావరి దాటింది.

ఇంజనీరును పక్కకు పిలిచి మరాఠీలో చెప్పాను. మొదట అతనికి ఎక్కలేదు. తర్వాత ముఖం మారిపోయింది. "అడుగు ట్రే ఖాళీగా ఉంటే," అన్నాడు తనలో తనే, "వచ్చిన గాలి అక్కడ పరుచుకుని, అన్నివైపులా సమానంగా పైకి పోతుంది. నిండుగా కుక్కితే మూతి మూసుకుపోతుంది. వేడంతా అక్కడే ఆగి ఆ కాయను మాడ్చేస్తుంది. మన దగ్గర పిల్లలు పలచగా పరిచారు కాబట్టి తెలియలేదు మేడం."

హెచ్‌ఓడీ మా దగ్గరికి వచ్చి సంగతంతా విని, మెల్లగా ఒక ఉపాయం చెప్పాడు. అడుగు ట్రే ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి, తేడా చూడటానికి ముందే వేసుకున్న ప్రయోగం ఇది అందామన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, డిపార్టుమెంటును కాపాడుకోవాలని ఆయన తపన. నిజం చెప్పొద్దూ, నాకూ ఒక్క క్షణం బాగానే ఉందనిపించింది.

ఇంజనీరు ఒప్పుకోలేదు. "అట్లా అంటే ఆ కోడలు పిల్ల విన్న మాట ఎక్కడికి పోతుంది సార్?" అని, తిన్నగా కమిటీ పెద్ద దగ్గరికి నడిచాడు. జరిగిందంతా చెప్పి, ఫోన్ తీసి ఆ వాయిస్ మెసేజ్ అందరి ముందూ వినిపించాడు. ఏక్ ట్రే ఖాలీ ఠేవా, మగ్ బాకీచే వర్. కమిటీవాళ్లు, కింద పెట్టమని స్పష్టంగానే ఉంది కదా అన్నట్టు తలలాడించారు. నా పక్కనున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, ఖాళీ అనే అన్నడు గద, ఇంకేమన్నడు అన్నట్టు తలలాడించారు. కమిటీ పెద్ద మళ్లీ ఒకసారి వినిపించమన్నాడు. రెండోసారీ రెండువైపుల తలలూ అలాగే ఊగాయి.

ఆయన నవ్వలేదు. "అడుగు ట్రే బయటికి తీయండి" అన్నాడు.

తీశారు. తలుపు మూశారు. టీలొచ్చాయి. అందరూ పెట్టె వైపు చూస్తూ తాగారు. కాసేపటికి ఆయన లేచి, కుర్చీ ఒకటి పెట్టె పక్కకు జరిపించుకుని, ఆ వయసులో దాని మీదికెక్కి కప్పు దగ్గరి సందు మీద అరచేయి పెట్టాడు. వచ్చినప్పుడు అక్కడ చేయి పెడితే గాలి ఉందా లేదా అన్నట్టుండేది. ఇప్పుడు వేడి గాలి తగిలి ఆయన చేయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ పెట్టాడు. తర్వాత ఇంజనీరును పిలిచి, పెట్టి చూడమన్నాడు. ఆ కుర్రవాడు చేయి పెట్టి, తీయటం మరిచిపోయి అలాగే ఉండిపోయాడు.

"ఇన్ని రోజులు ఎండిన కాయ ఎక్కడ?" అని అడిగాడు కమిటీ పెద్ద. పెద్దమ్మ సంచులు విప్పించింది. ఆయన ఒక్కో సంచిలో చేయి పెట్టి, కాయ తీసి, విరిచి, వాసన చూశాడు. "పెట్టెలు ఊళ్లలోనే ఉండనివ్వండి. మిగతా రెండుచోట్లా రేపే అడుగు ట్రే తీయించండి" అని, కారు వైపు నడుస్తూ ఆగి, "ఈసారి రికామా అని చెప్పండి" అన్నాడు. అప్పుడు నవ్వాడు.

తర్వాత ఏమైందో మీలో కొందరికి తెలుసు. మర్నాడు అడుగు ట్రేలు తీయించాక ఆ రెండు ఊళ్లలోనూ కాయ సరిగ్గానే ఎండింది. వచ్చిన సెమిస్టరంతా ఇంజనీరు పిల్లలతో పెట్టెలో గాలి ఎటు పోతోందో కొలిపించాడు. కొత్త పెట్టెల్లో అడుగున ట్రేయే ఉండదు, జానెడు చోటు వదిలేస్తారు. అది ఇప్పుడు మీరు చెప్పే పాఠంలో ఉంది, పరీక్షలో ప్రశ్నగా కూడా వస్తోంది. పాఠంలో కారణం ఉంది గాని, కథ లేదు. అందుకే రాస్తున్నాను. ఊళ్లకు వెళ్లినప్పుడు మీరు చెప్పిందంతా చెప్పి లేచి రాకండి. వాళ్లకు ఏం వినబడిందో వాళ్ల నోటితో చెప్పించుకోండి. తప్పు దొరికితే దిద్దండి. అయితే దిద్దేముందు, ఆ తప్పుతో పని ఎలా జరుగుతోందో కూడా ఒకసారి చూసి రండి. మా ఇంజనీరు ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. ఎక్కడ కలిసినా "మేడం, ఖాలీ కూర్చోండి" అని కుర్చీ చూపిస్తాడు. నేను నేల మీద కూర్చోబోతాను. ఇద్దరం నవ్వుకుంటాం.

ఆ రోజు మాత్రం కార్లు వెళ్లిపోయాక, మా జీపు డ్రైవరు భోజనం ముగించేదాకా నేను పెద్దమ్మ వాకిట్లో కూర్చున్నాను. నాకు కడుపు నిండినట్టుంది. ఆడవాళ్లు ఎవరి కాయ ఎప్పుడు పెట్టెలో వేయాలో వంతులు వేసుకుంటూ కేకలేసుకుంటున్నారు. మందు సంగతి ఎత్తినామె మొదటి వంతు నాదేనని పట్టుబట్టింది. కోడలు పిల్ల ఇంకా కొట్టం దగ్గరే ఉంది, ఇవతలికి రాలేదు.

"పిల్లా, ఇటు రా" అని పిలిచింది పెద్దమ్మ. మళ్లీ రెండు వీధులకు వినబడే గొంతుతోనే పిలిచింది.

ఆ పిల్ల కొంగు చేతికి చుట్టుకుంటూ వచ్చి దూరంగా నిలబడింది. అత్త ఏమంటుందోనని నాకూ బెరుగ్గానే ఉంది.

"నిన్న నేను నీకు చెప్పిన. కాయంత మాడ్చుకున్న," అంది పెద్దమ్మ అందరూ వింటుండగా. "రేపటి సంది నువ్వు చెప్పు, మేం నింపుతం."

ఆ పిల్ల నమ్మనట్టు చూసింది. తర్వాత పెట్టె దగ్గరికి వెళ్లి తలుపు తీసి లోపలికి తొంగి చూసి, మా వైపు తిరిగింది.

"గట్లయితె పొద్దుగాల మంచుల తెంపిన కాయ తేవద్దు అత్తమ్మ. మంచు ఆరినంకనే తెంపాలె."

"గట్లనే తెస్త తియ్యి" అంది పెద్దమ్మ.